గీత సన్నమైతే రాయి ఒప్పుకోదు

ఎడిటరు గారు నన్ను పలాస పంపింది జీడిపప్పు మీద రాయమని. పలాసలో రైలు దిగాను కూడా. ఇంతలో బెంగళూరు నుంచి పెద్దన్నయ్య ఫోను. ఉద్దానంలో పెదనాన్న సంవత్సరీకాలు దగ్గర పడ్డాయి, కొబ్బరితోటలో పెట్టే రాయి పని ఎంతవరకు వచ్చిందో టెక్కలి వెళ్లి చూసి రమ్మన్నాడు. జీడిపప్పు వ్యాసం ఇంకా బాకీయే.

టెక్కలి నీలి గ్రానైటు దేశదేశాలకు వెళ్తుంది. కోత మిషన్లూ పాలిషూ చూపిస్తానని యజమాని ఉత్సాహపడ్డాడు. నేను మాత్రం షెడ్డు చివర కూర్చున్న మనిషి దగ్గర ఆగిపోయాను. అరవై దాటిన మనిషి. రాయికి అంటించిన రబ్బరు షీటు మీద అక్షరం గీసి, బ్లేడుతో కోసి, ఆ ముక్కను గోటితో లేపుతున్నాడు. తర్వాత గాలితో ఇసుక కొడితే, షీటు లేనిచోట రాయి తొలుచుకుపోయి అక్షరం మిగులుతుంది.

పక్కన అన్నయ్య పంపిన డిజైను కాగితం. పెదనాన్న పేరు ఇంగ్లీషులో, బొడోనీ ఫాంటులో. ఫ్యాషన్ పత్రికల అట్టల మీద, ఖరీదైన పెళ్లి శుభలేఖల మీద మీరు చూసిన అక్షరమే అది: నిలువు గీత బొటనవేలంత లావు, అడ్డగీత వెంట్రుకంత సన్నం, చివర్లలో కత్తిరించినట్టు పల్చటి పట్టీలు. ఇటలీలోని పార్మాలో జాంబత్తిస్తా బొడోనీ ఈ అందానికి జీవితమంతా పెట్టాడు. ఆయన అచ్చుల పుస్తకాన్ని 1818లో, ఆయన పోయాక, భార్యే రెండు సంపుటాలుగా తెచ్చింది. ఒకే అక్షరాన్ని సైజు సైజుకీ వేరుగా చెక్కించిన మనిషి ఆయన. చిన్న సైజుకు సన్నగీత ఎంత ఉండాలో, పెద్దదానికి ఎంత చాలో ఎరిగినవాడు. కంప్యూటరులో ఉన్న బొడోనీకి ఆ ఎరుక చాలాసార్లు ఉండదు. ఒక్క బొమ్మనే సాగదీస్తాం, కుదిస్తాం.

"ఏటి బాబూ, ఈ గీత ఎంట్రుకంతుంది. కాయితమ్మీద బాగుంటాది. రాయి ఒప్పుకోదు," అన్నాడు రాతి దగ్గరి పెద్దాయన.

గోడవారన మూలపడేసిన నమూనా పలక ఒకటి చూపించాడు. బొడోనీలో 'ఎన్' అక్షరానికి నిలువు గీతలు రెండూ సన్నం, ఏటవాలు గీత ఒక్కటే లావు. ఆ సన్నటి చీలికల్లోకి ఇసుక దిగక అవి రెండూ పడనే లేదు, పలక మీద ఒట్టి ఏటవాలు గీత మిగిలింది. పేరులో ఒక అక్షరం పోయి కొట్టివేత గుర్తు వచ్చి కూర్చుంది.

అసలు చిక్కు దాని కింద. "జ్ఞాపకార్థం" కూడా అదే తీరులో ఉండాలట. అన్నయ్య ఎవరిచేతో తయారు చేయించిన తెలుగు ముక్కలో లావూ సన్నం బాగానే ఉన్నాయి, వత్తుల దాకా వచ్చేసరికి చూపు ఆనలేదు. పెద్ద అక్షరాన్ని సగానికి కుదించి కింద తగిలించారు. గీత కూడా సగమైంది. 'థ' వత్తు కడుపులో చుక్క ఆవగింజలో సగం. అది పూడిపోతే అర్థం కాస్తా అర్ధమవుతుంది. మా పెదనాన్నకి సగం జ్ఞాపకమే దక్కుతుంది.

పెద్దాయన చదును బ్రష్షు తీసి తెల్లరంగులో ముంచి, పాత రేకు మీద అదే మాట రాశాడు. మణికట్టు కదల్లేదు, మోచేయి కదిలింది. 'జ' గుండ్రం అడుగున బ్రష్షు పూర్తిగా పరుచుకుంది, పైకి తిరిగేచోట అంచు మీద నిలబడి సన్నబడింది. వత్తు మాత్రం సన్నబడలేదు. పై అక్షరమంత లావుగానే, కాస్త వెడల్పుగా దిగింది.

"పెద్ద సొక్కా సూసి సిన్నది కుడితే, దారం కూడా సన్నం సేసీస్తామేటి?"

నాకు తెలిసి వత్తు గురించి ఇంతకంటే మంచి పాఠం ఏ ఫాంటు తయారీదారూ చెప్పలేదు.

లావు సన్నాల సొగసు మనది కాదనేవాళ్లున్నారు. తాటాకు మీద ఘంటంతో గీస్తే గీత ఒకే మందంలో వస్తుంది, నిజమే. కానీ బ్రష్షు పట్టిన బోర్డు ఆర్టిస్టులు దాన్ని మన గుండ్రాలకి ఎప్పుడో అలవాటు చేశారు. బాపు గీసిన అక్షరాలు మన కళ్ల ముందే ఉన్నాయి. ఈయనా కాశీబుగ్గలో కొట్ల బోర్డులూ, ఎన్నికల గోడలూ రాసినవాడే. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి రేకు బోర్డులు ఎగిరిపోయాక మళ్లీ రాయమని ఎవరూ పిలవలేదు. ఫ్లెక్సీలు కట్టుకున్నారు.

ఆఫీసు గదిలో కుర్రాడి కంప్యూటరులో ఫాంట్ల జాబితా తిప్పి చూశాను. 'గిడుగు' కనబడింది. ఈ జిల్లా పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి గారి పేరు పెట్టుకున్న ఫాంటు. గూగుల్లో ఉచితంగా దొరుకుతుంది. ఎప్పుడైనా వాడావా అని అడిగితే, "తెరవగానే ఏది వస్తే అదే సార్" అన్నాడు. ఏటా ఆగస్టు 29న గిడుగు వారి పటానికి దండ వేస్తాం. ఆయన జిల్లాలో ఫాంటు ఎంపిక మిషనుకే వదిలేశాం. మన ఫాంట్లు గీసేవాళ్లు ఇలాంటి షెడ్లలో నాలుగు రోజులు కూర్చుంటే రాతికీ, చిన్న సైజుకీ వేరు వేరు అచ్చులు ఎందుకు కావాలో తెలుస్తుంది. ఈ పెద్దాయన చెయ్యి ఇంకా ఉంది. ఎన్నాళ్లుంటుందో మరి.

రేకు మీది రాత ఫోటో తీసి అన్నయ్యకి పంపాను. "చుక్క మరీ పెద్దదైంది, డిజైనులో అలా లేదు" అని జవాబు. నేను మార్పించలేదు. రాయి ఇప్పుడు తోటలో ఉంది. చుక్క గట్టు మీంచే కనబడుతోంది.