పాత గోడలు – కొత్త కొలువు

భివండీలో వుండే మాకు ముంబయి దూరమేమీ కాదు. పని లేకుండా వెళ్ళడమే అరుదు. మొన్న ఒక ఆదివారంనాడు మాత్రం పెద్దబాపును వెంటబెట్టుకొని, ఒక కట్టడాన్ని చూడడానికే బయలుదేరాము. ఠాణా దాకా బస్సు, అక్కడినుంచి లోకల్ బండి, పెద్దలు ఇంకా వీటీ అనే స్టేషనులో దిగి నడక.

రీగల్ సినిమా చౌరస్తాలో వున్నది సర్ కావస్జీ జహంగీర్ హాలు. 1911లో కట్టినది. నమూనా గీసినవారు జార్జి విటెట్. యెదుటనున్న మ్యూజియమూ, గేట్ వే ఆఫ్ ఇండియా కూడా ఆయన గీసినవే. ఒకప్పుడు గొప్ప కచేరీలు జరిగిన యీ హాలును రానురాను పెళ్ళి విందులకూ, బాక్సింగు పోటీలకూ, బట్టల అమ్మకాలకూ, కార్మిక సంఘాల మీటింగులకూ అద్దెకిచ్చారు. కళాకారులు పట్టుబట్టగా ప్రభుత్వం దానిని నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌గా మార్పించి 1996లో తెరిచింది. మార్పు చేసిన వాస్తుశిల్పి రోమీ ఖోస్లా.

బయటి గోడలు అట్లాగే వున్నవి. లోపల ఒకే పెద్ద హాలుగా వున్నదానిని అర్ధచంద్రాకారపు గ్యాలరీలుగా పేర్చి, మెట్లతో కలిపారు. మేము చిత్రాలు చూస్తూ వుంటే పెద్దబాపు నేలను చూస్తున్నాడు.

“గీడనే కూసున్నం బిడ్డా, మిల్లు బోనసు మీటింగుకు. స్టేజి యేడుండెనో?”

మేము చెప్పలేకపోయాము. అయినా గోడలు నిలిచి వున్నవి గనకనే ఆయన ఆ ప్రశ్న అడగగలిగాడు.

1982 జనవరి 18నాడు మొదలైన సమ్మెతో ముంబయి మిల్లులు మూగబోయినవి. నేతపని మరింతగా భివండీ మరమగ్గాలకు వచ్చింది, పెద్దబాపూ వచ్చాడు. మన పద్మశాలి కుటుంబాలెన్నో యీ సాంచెల చప్పుడులోనే పిల్లలను పెంచుకున్నవి. ఇప్పుడు షెడ్లు ఒక్కటొక్కటే ఖాళీ అవుతున్నవి. సాంచెలు తుక్కు కింద తూకానికి పోతున్నవి. వూరిచుట్టూ గోదాములు లేస్తున్నవి. పెద్దబాపు పనిచేసిన షెడ్డూ అమ్మకానికి వచ్చింది.

తిరుగు బండిలో ఆయన అడిగాడు: “మన షెడ్డుకు గోడలన్న వుంటయా?”

మేము జవాబు చెప్పలేదు. ఇంటికి వచ్చి యీ నాలుగు మాటలు రాస్తున్నాము. ఆ హాలుకు ప్రభుత్వపు అండ వుంది. మన షెడ్డుకు మనమే దిక్కు. అమ్మకానికి ముందే సంఘం ఒక్క షెడ్డునైనా తీసుకోగలదా? గోడలూ రేకుల కప్పూ బాగుచేయించి, లోపల ఒక పఠనమందిరం, పిల్లలకు సాయంత్రపు చదువు పెట్టుకోవచ్చు. ఒక మూల ఒక్క సాంచను మాత్రం నడిచే స్థితిలో వుంచాలి. వచ్చే సభలో పెద్దలు ఆలోచింతురుగాక.

అక్కడ తాను యెక్కడ నిలబడేవాడో పెద్దబాపు యెవరినీ అడగనక్కరలేదు.