తీగె చెప్పిన అబద్ధం

1989 వేసవిలో కోస్తా ప్రాంతపు ఒక పట్టణంలో, టీకామందులు నిల్వచేసే శీతల గది ముందు నేను తలవంచుకుని నిలబడవలసివచ్చింది. గోడ మీద నేను రూపొందించిన డిజిటల్ ఉష్ణమాపకం ఎర్రని అంకెలతో 4.1 అని చూపుతూ ఉంది. టీకామందులకు 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ వరకు క్షేమం. ఆ అంకెలను చూసినవారెవరికీ అనుమానం కలిగే అవకాశం లేదు.

అనుమానం కలిగింది ఒక్క ఫార్మసిస్టు గారికే. పదవీ విరమణకు దగ్గరపడిన మనిషి. ఆయన బల్లమీద రెండు డి.పి.టి. సీసాలు ఉంచారు. ఒకటి ఆయనే ముందురోజు రాత్రి కావాలని గడ్డకట్టించి కరిగించినది. రెండవది గదిలో చల్లగాలి సూటిగా తగిలే అరలోనుంచి తీసినది. రెండింటినీ బాగా కుదిపి కదలకుండా నిలబెట్టారు. చెడని మందు చాలాసేపు పాలవలె ఒకే తీరున ఉంటుంది. కాని అరగంట తిరగకుండానే రెండు సీసాలలోనూ పైన తేట, అడుగున మడ్డి ఏర్పడ్డాయి.

“మీ పెట్టె నాలుగు డిగ్రీలంటోంది. ఈ సీసా గడ్డకట్టానంటోంది. ఎవరిని నమ్మమంటారు, ఇంజనీరు గారూ?” అన్నారాయన.

డి.పి.టి. మందు ఒకసారి గడ్డకడితే శక్తిని కోల్పోతుంది. మళ్ళీ కరిగితే పైచూపుకు మామూలుగానే కనిపిస్తుంది. సూది పడుతుంది, బిడ్డ ఏడుస్తుంది, తల్లి నిశ్చింతగా ఇంటికి వెళుతుంది. రక్షణ మాత్రం కలగదు.

ఆ పరికరాన్ని నేను అశ్రద్ధగా చేయలేదు. పనిచేసే చోట, చితక్కొట్టిన మంచూ నీరూ కలిపి నింపిన థర్మాస్ ఫ్లాస్కులో దాని కొసను ముంచి పరీక్షించాను. అది 0.0 చూపింది. ఆ సున్నాను చూసి గర్వపడ్డాను కూడా. ఆ మధ్యాహ్నం శీతల గది ముందే మరొక ఫ్లాస్కు నింపి, అదే కొసను ముంచాను. ఈసారి అది 5.3 చూపింది! మంచు మారలేదు, పరికరం మారలేదు. మారినది తీగె ఒక్కటే.

ఈ పరికరానికి ప్రాణం ప్లాటినం. దాని విద్యున్నిరోధం సున్నా డిగ్రీల వద్ద 100 ఓములు, నూరు డిగ్రీల వద్ద 138.5 ఓములు. అంటే డిగ్రీకి ఇంచుమించు 0.385 ఓము. పరికరం నిజంగా కొలిచేది వేడిని కాదు, ఈ నిరోధాన్ని. గదిలోని కొసకూ గోడమీది పెట్టెకూ మధ్య 12 మీటర్ల దూరం ఉండగా, సన్నని రాగితీగెల జతను కలిపించినవాడిని నేనే. పోనూ రానూ 24 మీటర్లు. దాని నిరోధం రెండు ఓములకు కాస్త ఎక్కువ. ఆ రెండు ఓములను పెట్టె వేడిగా లెక్కించింది. గది సరిగానే చల్లగా ఉన్నా 9 డిగ్రీలకు పైగా చూపింది. అక్కడివారు మా అంకెలను నమ్మి, అది నాలుగుకు దిగేవరకు చల్లదనం పెంచారు. నిజంగా గది సున్నాకు దిగువకు పోయింది.

తీగెల నిరోధాన్ని ఒకసారి కొలిచి తీసివేస్తే చాలదా అని పాఠకులకు తోచవచ్చు. నాకూ తోచింది. కాని రాగి నిరోధం కూడా వేడితో మారుతుంది. పగటికీ రాత్రికీ 15 డిగ్రీల తేడా ఉంటే, ఆ తీగెల వల్లనే లెక్కలో 0.3 డిగ్రీల పొరపాటు దొర్లుతుంది. సముద్రపు ఉప్పుగాలికి అతుకులు చిలుము పడితే ఎంత దొర్లుతుందో ఎవరూ చెప్పలేరు.

అప్పటికి నూరేళ్ళ క్రితమే, 1887లో ప్లాటినం ఉష్ణమాపకానికి విశ్వసనీయత తెచ్చిన కాలెండర్ ఈ చిక్కును గుర్తించాడు. కొలిచే తీగెల పక్కనే అంతే పొడవుగల మరొక ఉత్త జతను నడిపి, తీగెల లెక్కను కొట్టివేశాడు. నేను నాలుగు తీగెల పద్ధతిని ఎన్నుకున్నాను. రెండు తీగెలు ప్రవాహాన్ని మోస్తాయి. మిగిలిన రెండూ ప్లాటినం కొసల వద్ద వోల్టేజీని మాత్రమే చూసివస్తాయి. చూసివచ్చే తీగెలలో ప్రవాహం దాదాపు ఉండదు కనుక, వాటి నిరోధం సాక్ష్యాన్ని చెరపదు.

అంతటితో పని తీరలేదు. ప్రవాహం తగ్గినా పెరిగినా అంకె మారుతుంది. అందుచేత అదే ప్రవాహాన్ని ఒక స్థిరమైన నిరోధం గుండా కూడా పంపి, రెండు వోల్టేజీల నిష్పత్తిని చూపించాను. ప్రవాహం తడబడితే రెండూ ఒకే పాలున తడబడతాయి, నిష్పత్తి నిలుస్తుంది. ప్రవాహం ఎక్కువైతే కొలిచే కొసే వేడెక్కుతుంది కనుక దానిని ఒక మిల్లీ ఆంపియరుకు తగ్గించాను. అప్పుడు డిగ్రీకి దక్కేది 0.385 మిల్లీ వోల్టు మాత్రమే. అంత చిన్న సంకేతంలో పక్కనున్న కంప్రెసరు మోటారు రొద కలవకుండా, కొలిచే వ్యవధిని మన కరెంటు ఆవృత్తి కాలమైన 20 మిల్లీ సెకండ్లకు సరి గుణిజంగా అమర్చాను. అప్పుడు ఆ రొదలోని ఎత్తుపల్లాలు ఒకదానినొకటి కొట్టివేసుకుంటాయి.

కొత్త పెట్టె బిగించిన రోజున, అదే గోడ వద్ద, అవే తీగెలతో మంచులో పరీక్షించాను. 0.0 చూపింది. ఈసారి గర్వం కలగలేదు.

గడ్డకట్టిన సీసాలన్నిటినీ పారవేశారు. అంతకు ముందు వారం పల్లెలకు వెళ్ళిన పెట్టెల పద్దు ఫార్మసిస్టు గారు నా ఎదుటనే తెరిచి, ప్రతి ఆరోగ్య కేంద్రానికీ కబురు రాశారు. కొన్ని పెట్టెలు తిరిగివచ్చాయి, కొన్నింటిని అప్పటికే వాడేశారు. ఆ బిడ్డలకు మళ్ళీ టీకాలు వేయించమని ఆయన మరొక ఉత్తరం రాశారు. నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు.

పదింట ఒక వంతు డిగ్రీని చూపగలగడం వేరు, ఒక డిగ్రీ నిజం చెప్పగలగడం వేరు. ఆ తరువాత నేను చేసిన ప్రతి పరికరాన్నీ అది నిలవబోయే చోటనే, దాని తీగెలతోనే మంచులో ముంచి చూశాను. సంచిలో థర్మాస్ ఫ్లాస్కు లేకుండా ఏ ఊరూ బయలుదేరలేదు.