జేబులో బావి

హైదరాబాదు నగరంలో తార్నాక అనే పేట ఉంది. సికింద్రాబాదు నుంచి ఉప్పల్ వెళ్ళే దారిలో వస్తుంది. ‘తార్’ అంటే తీగ, ‘నాకా’ అంటే కావలి ఉండే చోటు. పూర్వం ఇక్కడ ఒక పెద్ద తోట ఉండేదనీ, దానికి తీగ కంచె వేసి కావలి పెట్టారనీ, అందువల్లనే ఆ పేరు వచ్చిందనీ పెద్దలు చెబుతారు. ఇప్పుడు తోటా లేదు, కంచే లేదు. తీగ మాత్రం ఉంది! తల ఎత్తి చూస్తే, 2017 నవంబరులో మొదలైన మెట్రో రైలు మార్గం మీద అది కనిపిస్తుంది. అందులో 25,000 వోల్టుల విద్యుత్తు ఉంటుంది. రైలు ఎంత దూరం పోయినా ఆ తీగను తాకుతూ పోవలసిందే.

మన జేబులోని సెల్‌ఫోనుకు అలాంటి తీగ లేదు. అది తనకు కావలసిన విద్యుత్తును సద్దిమూటలాగా వెంట తెచ్చుకుంటుంది. మూట ఖాళీ అయితే? అప్పుడు కావలసింది పవర్ బ్యాంకు. పుస్తకమంత మందాన, అరచేతిలో పట్టే ఆ పెట్టెను మీరంతా చూసే ఉంటారు. దాని సంగతి చెప్పాలంటే ముందు మిమ్మల్ని ఉస్మానియా విశ్వవిద్యాలయానికి తీసుకుపోవాలి.

ఈమధ్య ఒకరోజు, ఏడవ తరగతి చదువుతున్న మా మనవణ్ణి వెంటబెట్టుకుని తార్నాక స్టేషనులో దిగి అక్కడికి నడిచి వెళ్ళాను. 1918లో స్థాపించిన విశ్వవిద్యాలయం అది. చెట్లూ, బండరాళ్ళూ, రోడ్లూ, వసతి గృహాలూ కలిసి ఆ ఆవరణ ఒక ఊరులాగే ఉంటుంది. లోకల్ రైలుకు ‘జామే ఉస్మానియా’, ‘ఆర్ట్స్ కాలేజీ’ అని రెండు స్టేషన్లు కూడా ఉన్నాయి. ఆర్ట్స్ కాలేజీ భవనానికి 1934లో పునాదిరాయి వేశారు, 1939లో ప్రారంభించారు. గులాబి రంగు గ్రానైటు రాయితో కట్టిన ఆ భవనం ఎదుట నిలబడితే, మెడ బాగా వెనక్కి వంచితే గాని పై అంచు కనబడదు. మావాడు కాసేపు నోరు తెరుచుకుని చూశాడు.

మెట్ల దగ్గర ఒక పెద్దాయన, ఆయన కూతురు దిగులుగా కూర్చుని ఉన్నారు. ఆదిలాబాదు వైపు నుంచి తెల్లవారుజామున బయలుదేరి వచ్చారట. అమ్మాయికి కాలేజీలో చేరే పని. ర్యాంకు కాగితం ఫోనులో ఉంది, ఫీజు కట్టవలసినదీ ఫోనులోనే. ఆ ఫోను కాస్తా దారిలోనే ఆగిపోయింది!

“పైసలు కూడా అండ్లనే ఉన్నయి సారూ. చాయ తాగుదామన్నా చేతిల రూపాయి లేదు,” అన్నాడు పెద్దాయన.

చెట్టు కింద చదువుకుంటున్న ఒక విద్యార్థి ఈ మాట విని లేచి వచ్చాడు. సంచిలోంచి పవర్ బ్యాంకు తీసి, “పెట్టుకో కాకా, తొందరేం లేదు,” అని చేతికిచ్చి, మళ్ళీ వెళ్ళి పుస్తకం ముందు కూర్చున్నాడు. పావుగంటలో ఫోను వెలిగింది. అమ్మాయి ముఖమూ వెలిగింది. ఇప్పటి రోజుల్లో ఫోను ఆగిపోవడమంటే మాటలు ఆగిపోవడం ఒక్కటే కాదు. డబ్బు సంచి, కాగితాల పెట్టె, ఊరికి తిరిగివెళ్ళే టికెట్టు, అన్నిటికీ ఒక్కసారే తాళం పడ్డట్టు. ఫోను పట్టుకున్న పిల్లలందరినీ కసిరే తల్లిదండ్రులు ఈ సంగతి కూడా కొంచెం ఆలోచించాలి.

“తాతయ్యా, ఈ పెట్టెలో కరెంటు ఎలా పుడుతుంది?” అని అడిగాడు మావాడు.

“అందులో పుట్టదు. పద, చూపిస్తాను,” అన్నాను.

ఉస్మానియా ఆవరణలోనే ఒక పాత మెట్లబావి ఉంది. మహ్ లఖా బాయి చందా అనే ఉర్దూ కవయిత్రి పేరుతో దానిని పిలుస్తారు. 1768లో పుట్టి 1824లో మరణించిన ఆమెకు ఈ ప్రాంతంలో చాలా భూమి ఉండేదట. చాలాకాలం చెత్తతో పూడి ఉన్న బావిని ఈమధ్య కాలంలో శుభ్రం చేశారు. వర్షాకాలంలో వచ్చిన నీరు అందులో చేరుతుంది. ఎండాకాలంలో మెట్లు దిగి తోడుకుంటారు. నీళ్ళను బావి సృష్టించలేదు, దాచిపెట్టింది. పవర్ బ్యాంకూ అంతే. గోడలోని ప్లగ్గు నుంచి వచ్చిన శక్తిని దాచుకుని, మనం అడిగినప్పుడు ఇస్తుంది. జేబులో పెట్టుకునే బావి అన్నమాట!

దాచుకోవడం ఎలాగంటారా? ఆ పెట్టె లోపల లిథియం అయాన్ ఘటాలు ఉంటాయి. ఒక్కొక్క ఘటంలో రెండు పలచని పొరలు. ఒక దాని మీద గ్రాఫైటు పూసి ఉంటుంది. మీ పెన్సిలులో ఉండేది కూడా ఆ గ్రాఫైటే. రెండవ దాని మీద లిథియం కలిసిన లోహపు ఆక్సైడు ఉంటుంది. రెండూ తగలకుండా మధ్యన కాగితం కంటే పలచని ప్లాస్టిక్ తెర, చుట్టూ ఒక ద్రవం. మనం ఛార్జింగు పెట్టినప్పుడు లిథియం అయానులు ఆక్సైడు నుంచి బయలుదేరి, ద్రవంలో ఈది, తెరలోని సూక్ష్మమైన రంధ్రాలు దాటి, గ్రాఫైటులోకి వెళ్ళి దాక్కుంటాయి. ఇది వాటికి మెట్లు ఎక్కడం వంటిది, బలవంతాన ఎక్కిస్తున్నాం. ఫోను తగిలించగానే అవి సంతోషంగా మెట్లు దిగి వెనక్కి వస్తాయి. వాటితోపాటు ఎలక్ట్రానులు కూడా రావాలి గదా? వాటికి ద్రవంలో దారి లేదు. అవి బయటి తీగ గుండా చుట్టు తిరిగి రావలసిందే. ఆ చుట్టు తిరగడమే మనకు విద్యుత్తు ప్రవాహం.

ఇది ఒక్కనాటిలో తేలిన సంగతి కాదు. 1800లో ఇటలీ దేశస్థుడు వోల్టా, రెండు రకాల లోహపు బిళ్ళల మధ్య ఉప్పునీటిలో తడిపిన అట్టముక్కలు పెట్టి, దొంతరగా పేర్చి విద్యుత్తు పుట్టించాడు. 1859లో ఫ్రాన్సులో ప్లాంటే తయారు చేసిన సీసపు బ్యాటరీని మళ్ళీ మళ్ళీ నింపుకోవచ్చు. మన ఇళ్ళలో ఇన్వర్టరు కింద ఉండే బరువైన పెట్టె దాని వంశమే. లిథియం అన్ని లోహాలలోనూ తేలికైనది. దానితో బ్యాటరీ చేయడానికి విటింగ్‌హామ్, గుడినఫ్, యోషినో అనే ముగ్గురు వేర్వేరు దేశాలలో పనిచేశారు. 1991లో సోనీ కంపెనీ దానిని అంగడికి తెచ్చింది. 2019లో ఆ ముగ్గురికీ రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. అప్పటికి గుడినఫ్ వయస్సు 97 ఏళ్ళు! నోబెల్ అందుకున్న వారిలో అందరికంటే పెద్దవాడు. అరవైలలో ఉన్న నాకు ఈ సంగతి ఎంత ధైర్యం కలిగించిందో చెప్పలేను.

తిరిగి తార్నాక వచ్చేసరికి సాయంత్రమైంది. కాలిబాట మీద ఒకతను ఫోను వైర్లూ, పవర్ బ్యాంకులూ పరుచుకుని అమ్ముతున్నాడు. “పది వేలది తీసుకోండి సార్. నాలుగు సార్లు ఫుల్లు అయితది!” అన్నాడు. పది వేలంటే ధర కాదు. పెట్టె మీద రాసి ఉన్న 10,000 మిల్లీ ఆంపియర్-గంటలు. మావాడు దానిని వెనక్కి తిప్పి సన్న అక్షరాలు చదవడం మొదలుపెట్టాడు. మీరూ అలాగే చేయాలి. ముందు వైపు పెద్ద అంకె అమ్మేవాడి కోసం, వెనుక వైపు చిన్న అంకె కొనేవాడి కోసం.

లెక్క చూద్దాం. 10,000 మిల్లీ ఆంపియర్-గంటలంటే 10 ఆంపియర్-గంటలు. ఘటం ఇచ్చే వోల్టేజి సుమారు 3.7. రెండింటినీ గుణిస్తే 37 వాట్-గంటలు. ఇదీ అసలు సరుకు. 5,000 అని రాసి ఉన్న ఫోనులో పట్టేది సుమారు 19 వాట్-గంటలు. అంటే రెండుసార్లు నింపవచ్చునా? నింపలేము. ఘటంలోని 3.7 వోల్టులను ఫోను కోసం 5 వోల్టులకు ఎక్కించాలి. అలా ఎక్కించేటప్పుడు కొంత, వైరులో కొంత, ఫోను లోపల కొంత వేడిగా మారి పోతుంది. బావిలోంచి చేద లాగేటప్పుడు నీళ్ళు తొణికినట్లు! అంతా పోను ఒకటిన్నర సార్లు నిండితే బాగా నిండినట్లే. నాలుగు సార్లు అన్నది ఆ అబ్బాయి ఉత్సాహం.

తార్నాకలోనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో మొదలై, 1958లో హైదరాబాదుకు వచ్చిన సంస్థ అది. మనం తినే గింజలలో, కూరలలో, పండ్లలో ఎంత శక్తి ఉందో లెక్కగట్టి పట్టికలు అచ్చువేస్తుంది. ఆహారపు శక్తిని కెలోరీలలో చెబుతారు గదా. వాట్-గంటలను కూడా ఆ కొలతలోకి మార్చవచ్చు. 37 వాట్-గంటలంటే సుమారు 32 కెలోరీలు. ఒక ఇడ్లీలో దాదాపు 50 కెలోరీలకు పైనే ఉంటాయి. అంటే ఇంత బరువైన పెట్టెలోని శక్తి అంతా కలిపినా ఒక ఇడ్లీకి సరిరాదు! మావాడు ఇది నమ్మలేదు. కాగితం మీద వేసి చూపిస్తే గాని ఊరుకోలేదు.

“ఇడ్లీ కంటే తక్కువయితే దానికి భయపడడం ఎందుకు?” అన్నాడు తరువాత.

మంచి ప్రశ్న. ఇడ్లీ తన శక్తిని మన ఒంట్లో గంటల తరబడి నింపాదిగా ఇస్తుంది. దెబ్బ తిన్న బ్యాటరీ అలా కాదు. పెట్టె కిందపడి నలిగినా, మేకు గుచ్చుకున్నా, లోపలి పలచని తెర చిరగవచ్చు. అప్పుడు రెండు పొరలూ నేరుగా తగిలి, అంత శక్తీ కొద్ది క్షణాలలో వేడిగా బయటికి వస్తుంది. లోపలి ద్రవం మండే స్వభావం గలది. ఒక ఘటం అంటుకుంటే పక్క ఘటమూ అంటుకుంటుంది. ఈ కారణంగానే విమానంలో పవర్ బ్యాంకును కింద సామానులో వేయనివ్వరు; చేతి సంచిలో, కళ్ళ ముందు ఉంచుకోవాలి. అదీ 100 వాట్-గంటల వరకే. అంతకు మించితే విమాన సంస్థ అనుమతి కావాలి.

వసతి గృహాలలో పిల్లలు పవర్ బ్యాంకును తలగడ కింద పెట్టి, ఫోను తగిలించి నిద్రపోతారు. ఇది మానుకోవాలి. దూది కింద వేడి బయటికి పోదు. మే నెల ఎండలో నిలబెట్టిన కారులో వదిలి పోవడమూ అంతే ప్రమాదం. పెట్టె ఉబ్బినట్లు కనిపించినా, తియ్యటి మందు వాసన లాంటిది వచ్చినా దానిని మళ్ళీ ఛార్జింగు పెట్టకూడదు. లోపల వాయువు చేరిందన్నమాట. కుతూహలం కొద్దీ సూదితో పొడవకూడదు, విప్పకూడదు. అంటుకునే వస్తువులకు దూరంగా పెట్టి పెద్దవాళ్ళకు చెప్పాలి. చెత్తబుట్టలో వేయకూడదు; చెత్త బండిలో నలిగితే బండే అంటుకుంటుంది. పాత ఎలక్ట్రానిక్ సామాను తీసుకునే కేంద్రాలలో ఇస్తే అందులోని కోబాల్టు, నికెలు, లిథియం తిరిగి పనికివస్తాయి.

కొనేటప్పుడు భారత ప్రమాణాల సంస్థ గుర్తు, దాని కింద ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య ఉన్నాయో లేదో చూడాలి. మన దేశంలో పవర్ బ్యాంకులకు అది తప్పనిసరి. బరువుగా ఉంది గదా అని మోసపోవద్దు. బరువు కోసం లోపల ఇసుక నింపిన నకిలీ పెట్టెలు కూడా బయటపడ్డాయి.

ఇక మీకు ఒక లెక్క. ఒక పవర్ బ్యాంకు మీద 27,000 అని, ఇంకొకదాని మీద 30,000 అని రాసి ఉంది. రెండింటిలోనూ ఘటాలు 3.7 వోల్టులవే. మీ నాన్నగారు విమానంలో ప్రయాణమవుతున్నారు. అనుమతి అడగకుండా ఏది తీసుకుపోవచ్చు? పలక, బలపం తెచ్చుకోండి.