బొంగరపు బండి

మా యింట మోటారుబండి ప్రస్తావము మూడేండ్లు నడిచినది. బడిపంతులు కారు కొనుట నేడు వింత కాదు. నేను కోరిన బండియే వింతది.

మా తమ్ముడు న్యూజిలాండు దేశమున ఆక్లండు నగరమున కాపురమున్నాడు. జపానులో కొన్నియేండ్లు నడిచిన కార్లను ఓడలపై తెప్పించుకొని వాడుకొనుట అచ్చట పరిపాటి. రెండు దేశములందును బండి యెడమప్రక్కనే పోవును. స్టీరింగు కుడిప్రక్కనే యుండును. కార్లపై దిగుమతి సుంకమును 1998లోనే తీసివేసిరి. కావుననే సుబారు లెగసీ యను టర్బో వ్యాగను మావానివంటి సామాన్యోద్యోగికిని అందినది. నేను సెలవులకు పోయినప్పుడు వాడు నన్నందులో నొక కొండదారిని తీసికొనిపోయెను. వెనుక నిద్దరు పిల్లలు. వారి వెనుక గుడారము, మడతకుర్చీలు, బియ్యపు సంచి. ఇంత బరువుతో నెత్తెక్కుచును ఆ బండి నన్ను వెనుకకు నొక్కి ముందునకు దుమికినది. నలువదియారేండ్ల వయస్సున నేను కేకవేసితిని. వ్రాయుటకు సిగ్గుగానున్నది గాని, వేసితిని.

లాటిను భాషలో టర్బో యనగా సుడిగాలి, బొంగరమనియు నర్థము. ఇంజను విడిచిన వేడిపొగ వ్యర్థముగా పోక యొక చిన్న చక్రమును బొంగరమువలె త్రిప్పును. అదే యిరుసుననున్న రెండవ చక్రము వెలుపలి గాలిని నొక్కి యింజనులోనికి పంపును. గాలి హెచ్చినచో నింధనమును హెచ్చుగా మండును. చిన్న యంత్రమునకు పెద్ద బలము వచ్చును. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడు బ్యూకి 1905లో దీనికి పేటెంటు పొందెను. నిశ్వాసమునుండియే బలము గడించు నీ యుపాయమును ప్రాణాయామముతో పోల్చి తరగతిలో చెప్పి, పిల్లలచే నవ్వించుకొంటిని.

తాడేపల్లిగూడెము తిరిగివచ్చి మా యమ్మతో వ్యాగను కొందుననగా, ఆమె "గూడ్సు పెట్టె ఎక్కడ పెడతావురా, స్టేషనులోనా?" అనెను. ఉల్లిపాయల వర్తకపుటూరిలో ఆ మాటకు వేరర్థము లేదు. ఆమె పొరబడినదియు లేదు: అమెరికాలో రైలు దిగినవారిని పెట్టెబేడలతో నిండ్లకు చేర్చిన బండ్లకే స్టేషను వ్యాగనను పేరు వచ్చినది.

మన దేశపు నియమములు చదువగా నా యుత్సాహము సగము చల్లారినది. వాడిన కారు మూడేండ్లకు మించినది కారాదు; సుంకములు, పన్నులు కలిసి బండి వెలను మించును. తమ్ముని బండికి పదునేడేండ్లు! అయినను నా లెక్కలాగలేదు. అమ్మాయి చదువునకై దాచిన సొమ్మువైపు నా కన్ను పోయినదని యొప్పుకొనవలెను. ఆ సొమ్ముపై మా బంధువొకరి కన్ను ముందే పడినది: "ఆ కారేదో రేపు అల్లుడికే కొనివ్వొచ్చుగా!" వరకట్న నిషేధ చట్టము 1961లో వచ్చినది, పెండ్లిమాటలలో కారుమాట మాత్రము పోలేదు. ఆయనకు కోపముతో సమాధానము చెప్పితిని. ఆ కోపములో కొంత నాపై నాకున్నదే.

నా భార్య యన్నియు విని యొకటే యడిగినది.

"అందులో నేనెక్కడ కూచుంటానండీ?"

"ముందే. నా ప్రక్కను."

"సరదా బండి అంటున్నారు. సరదా అంతా స్టీరింగు పట్టుకున్నవాళ్ళకేగా. అత్తయ్యగారికి వాంతులూ, నాకు గుండెదడా."

ఏటేట వీరేశలింగముగారి జయంతికి స్త్రీవిద్యపై నుపన్యసించు నాకు నోట మాట రాలేదు. నాతో సమానముగ జీతము తెచ్చు ఉపాధ్యాయిని యామె. ఇరువదేండ్లుగా నేను నడిపిన స్కూటరుపై వెనుకనే కూర్చున్నది. మరుసటి వారము డ్రైవింగు స్కూలులో చేరినది.

ఆమె పుట్టినయూరు కొల్లేటి లంకలలోనిది. 2024 సెప్టెంబరున విజయవాడను ముంచిన బుడమేటి నీరు చివరకు కొల్లేటికే చేరినది. మా మామగారి వీధిలో మోకాలిలోతు నిలిచినది. నేలకు దగ్గరగా నుండు తమ్ముని బండి యచ్చట పనికిరాదని యామె యొక్కమాటతో తేల్చినది. అసలు మనవారికి వ్యాగనే రుచింపలేదు. ఈ శతాబ్దారంభమున మారుతివారు బలెనో ఆల్టురా అను వ్యాగనును అమ్మిచూచి మానుకొనిరి. ఇపుడు వారే గుజరాతులో చేయుచున్న ఫ్రాంక్సులో నొక రకమునకు, లీటరు ప్రమాణపు చిన్న యింజనుకు బొంగరము తగిలించినారు. చమత్కారమేమన, ఆ ఫ్రాంక్సునే 2024లో పిపావావు రేవునుండి జపానుకు పంపిరి. నేను జపాను పాతబండికి కలవరించుచుండగా జపాను మన క్రొత్తబండిని దింపుకొనుచున్నది!

ఏలూరిలో షోరూమువాడు పరీక్షకై తాళమును నాచేతికిచ్చెను. ఆమె నా చేతినుండి తీసికొనెను. కైకలూరు దారిని పోయితిమి. ఇరుప్రక్కల చేపలచెరువులు, గట్లపై కొంగలు. ముందు మంచునీరు కార్చుచు చేపలలారీ. తిన్నని దారి కానవచ్చువరకు ఆమె యోపికతో దాని వెనుకనే నడిపి, యటుపై పెడలును త్రొక్కినది. బండి దుమికినది. ఆమె కేకవేసినది. ఆక్లండులో నేను వేసిన కేకయే! నేను తలుపుపైని పిడిని రెండుచేతులతో పట్టుకొంటిని. వెనుకనుండి మా యమ్మ, "లారీవాడు వెనకపడ్డాడా?" అని యడిగినది. దిగుటకు మోకాళ్ళు నొచ్చలేదనియు చెప్పినది.

అమ్మాయి సొమ్ము ముట్టలేదు. ఇద్దరి జీతములపై ఋణము తీసికొంటిమి. బండి యామె పేర రిజిస్టరైనది. మొన్న నొకపని మీద ఏలూరు పోవుటకు తాళమడిగితిని. "సాయంత్రానికల్లా తెచ్చెయ్యండి," అనెను, "పెట్రోలు పోయించి మరీ."