బొమ్మ చూసినందుకు బిల్లు కట్టాలా?

టిక్కెట్టు లేకుండా సినిమా హాల్లోకి దూరబోయేవాణ్ణి గేటు దగ్గర పట్టుకుంటారు. మరి ఇంట్లో కాళ్లు జాపుకుని టీవీ చూసేవాణ్ణి ఎవరు పట్టుకోవాలి? ‘‘అదేం ప్రశ్నయ్యా! నెలనెలా కేబుల్‌కి కడుతూనే ఉన్నాంగా?’’ అంటారు మీరు. నిజమే. కాని నేనడిగేది కేబుల్ సంగతి కాదు, దూరదర్శన్ సంగతి. ప్రజల సొమ్ముతో నడిచే ఆ బొమ్మకి ప్రతి ఇల్లూ ఏడాదికింత అని లైసెన్సు ఫీజు కట్టాలా, అక్కర్లేదా?

ఈ ప్రశ్న నా బుర్రలోంచి పుట్టింది కాదండీ. మా తాత ట్రంకు పెట్టెలోంచి లేచి వచ్చింది!

మాది పుత్తూరు. విరిగిన ఎముకకి కట్టు కట్టించుకోవడానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారే, ఆ పుత్తూరే. ఊరు అలాంటిదైనంత మాత్రాన ఊళ్లోవాళ్ల కాళ్లు విరక్కుండా ఉంటాయా? పోయిన వానల్లో మా నాయన మిద్దె మెట్ల మీద జారిపడి, కాలికి కట్టుతో మంచమెక్కాడు. మంచం దిగలేని మనిషికి టీవీయే చుట్టం, టీవీయే స్నేహితుడు. సరిగ్గా ఆ నెల్లోనే నాకు రావలసిన రెండు వ్యాసాల డబ్బు రాలేదు. కేబుల్ బాకీ పడింది. కనెక్షన్ ఆగింది. ఫ్రీలాన్సు విలేకరి బతుకంటే అంతే లెండి. రాసింది ఈ వారమే అచ్చవుతుంది. దాని తాలూకు డబ్బు మాత్రం ‘త్వరలో’ అని వాల్‌పోస్టరు వేసుకున్న సినిమా లాంటిది. ఎప్పుడు విడుదలవుతుందో నిర్మాతక్కూడా తెలియదు.

ఆ రోజుల్లోనే నాయన పాత కాగితాలేవో కావలసి వచ్చి పెట్టె తిరగేస్తుంటే, అడుగున చిన్న పుస్తకం ఒకటి దొరికింది. అట్ట చివికిపోయింది. లోపల ఏడాదికొక స్టాంపు, దాని మీద తపాలా ఆఫీసు ముద్ర. మా తాత రేడియో లైసెన్సు పుస్తకం!

రేడియో మీద పక్కదుప్పటి

ఇప్పటి పిల్లలకి చెబితే నవ్వుతారు గాని, ఈ దేశంలో రేడియో వినాలంటే ఒకప్పుడు లైసెన్సు ఉండాలి. డెబ్భయ్యవ దశకంలో రేడియోకి ఏడాదికి 15 రూపాయలు, టీవీకి 50 రూపాయలు. పోస్టాఫీసుకి వెళ్లి కట్టి, పుస్తకంలో స్టాంపు వేయించుకు రావాలి. లైసెన్సు లేకుండా సెట్టు పెట్టుకోవడం నేరం. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం, 1933 నాటి వైర్‌లెస్ చట్టం దానికి ఆధారాలు. తనిఖీకి ఇన్‌స్పెక్టరు వస్తే జరిమానా వేయవచ్చు, సెట్టు పట్టుకుపోనూ వచ్చు. ఎనభయ్యవ దశకం మధ్యలో ఈ ఫీజులన్నీ ఎత్తేశారు.

పుస్తకం చూడగానే నాయన ముఖం వెలిగింది. నొప్పి మరిచిపోయి చెప్పడం మొదలుపెట్టాడు.

‘‘ఇనస్పెక్టరు వస్తా ఉండాడని తెలిస్తే చాలు, మా పిలకాయలందరం ఈది ఈదంతా పరిగెత్తి చెప్పేవోళ్లం. ఒకాయప్ప రేడియోని వడ్ల బానలో పెట్టె. ఇంకొకాయమ్మ పక్కదుప్పటి కప్పి, పైన బిడ్డని పండుకోబెట్టె. మీ తాత మాత్రం తిన్నె మీద కూసోని సౌండు పెంచేవోడు!’’

మా తాత మగ్గం నేసేవాడు. నాయన లెక్క ప్రకారం ఆ పదిహేను రూపాయలు మా తాతకి మూడు రోజుల కూలి. అంత కట్టి ఏం బావుకున్నాడు?

ఒకటి బావుకున్నాడు. ఉత్తరం రాశాడు! పుస్తకంలోనే మడిచిపెట్టిన దాని నకలు దొరికింది. ఒక రేడియో కేంద్రం డైరెక్టరు గారికి రాసింది. మొదటి పంక్తిలోనే తన లైసెన్సు నంబరు వేశాడు. ఆ తర్వాత విన్నపం: రైతులకు రోజూ కార్యక్రమం ఉంది, సంతోషం. నేతగాళ్లకు ఎందుకు లేదు? నూలు ధర ఎంతో, ఆప్కో ఏం కొంటోందో మాకు ఎవరు చెబుతారు? దాని వెనకాలే రెండు వాక్యాల జవాబు కార్డు. ‘మీ సూచన అందినది, పరిశీలించగలము’ అన్న ధోరణిలో. పరిశీలించారో లేదో పక్కన పెట్టండి. ఒక నేతగాడు సర్కారు వారిని, నేను డబ్బు కట్టాను గనుక జవాబు చెప్పండని అడిగాడు. వాళ్లు చెప్పారు. మా తాత దృష్టిలో పదిహేను రూపాయలు పాటలకి కట్టిన ఖరీదు కాదు, నోరు తెరవడానికి కట్టిన ఖరీదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఏదో మంచి సంగతి పోగొట్టుకున్నామేమో ననిపించింది. లైసెన్సు ఫీజు మళ్లీ పెట్టాలని ఘాటుగా ఒక వ్యాసం రాసేద్దామని కూర్చున్నాను కూడా!

మా అమ్మ కోర్టులో

తెల్లారి అదే మాట అమ్మ దగ్గర అన్నాను. ఆమె చేట పక్కన పెట్టి నా వంక చూసింది.

‘‘నీకేమన్నా పనుందా, లేదా? కరెంటు బిల్లు, నీళ్ల బిల్లు, గ్యాసు, నీ ఫోను, మీ నాయన మందులు. ఇవన్నీ చాలవని ఇంకోటి తెచ్చి నా నెత్తిన పెడ్తావా? మిల్లు సావుకారికీ యాభై రూపాయలే, ఇంటింటికీ పాచిపని చేసే ముసలమ్మకీ యాభై రూపాయలేనా? ఇదేం న్యాయమబ్బా!’’

ఒక్క దెబ్బతో నా వ్యాసం సగం కొట్టుకుపోయింది. ఆలోచిస్తే మా అమ్మ మాటకి ప్రపంచమంతా సాక్ష్యం ఉంది. ఈ ఫీజుకి పెట్టింది పేరు ఇంగ్లండు. బీబీసీ కోసం అక్కడ ఇంటికింత అని కడతారు. 1946లో టీవీకి 2 పౌండ్లతో మొదలైంది, 2025 ఏప్రిల్ నాటికి 174 పౌండ్ల 50 పెన్స్ అయింది. లక్షాధికారికీ అంతే, కూలివాడికీ అంతే. 75 ఏళ్లు దాటిన వాళ్లందరికీ ఉచితంగా ఉండేది. 2020లో అదీ పోయి, పేద పింఛనుదార్లకే పరిమితమైంది. జర్మనీలో ఇంట్లో టీవీ ఉన్నా లేకపోయినా ఇంటికి నెలకింత. 2021 నుంచి అది 18 యూరోల 36 సెంట్లు. కాకపోతే సర్కారు సాయం మీద బతికే పేదలకు మినహాయింపు ఉంది. ఫ్రాన్సువాళ్లు 2022లో ఫీజునే ఎత్తేశారు.

మన దేశం సంగతే చూడండి. 1927లో బొంబాయిలో ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ పెట్టి, లైసెన్సు ఫీజులో వచ్చే వాటాని నమ్ముకున్నారు. సెట్లు కొన్నవాళ్లే తక్కువ. 1930లో దుకాణం కట్టేశారు. నమ్ముకున్న ఫీజు మూడేళ్లు కూడా నిలబెట్టలేకపోయింది.

ఇంకో తమాషా వినండి. మద్రాసులో టీవీ కేంద్రం 1975లో వచ్చింది, హైదరాబాదులో 1977లో. మా పుత్తూరికి మద్రాసు నూరు కిలోమీటర్ల దూరం, హైదరాబాదు ఎక్కడో! మా ఊళ్లో మొదట టీవీ కొన్న ఇంట్లో కొబ్బరిచెట్టంత గొట్టానికి యాంటెన్నా కట్టి మద్రాసు వైపు తిప్పితే, గాలి బాగుంటే బొమ్మ, లేకుంటే చుక్కలు. శుక్రవారం ‘ఒలియుం ఒలియుం’లో సినిమా పాటలొస్తాయని ఊరు ఊరంతా ఆ ఇంటి ముందు చేరేదట. ఒకడు మిద్దెక్కి యాంటెన్నా తిప్పడం, కిందినుంచి ‘‘వచ్చె వచ్చె... పాయె!’’ అని కేకలు. యాభై రూపాయలు మాత్రం చుక్కలకైనా, చుక్కల్లాంటి తారలకైనా ఒకటే రేటు!

దీనికి పూర్తిగా ఎదురు సంగతి ఇంకొకటుంది. 1975–76లో అమెరికావాళ్ల ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీ చూపించారు. మన రాష్ట్రం పల్లెలూ అందులో ఉన్నాయి. సెట్టు ఊరుమ్మడిది, చూసేది ఊరందరూ. అక్కడ టీవీ ఇంటి వస్తువు కాదు, ఊరిబావి లాంటిది. ఊరిబావికి చేదకింత అని ఎవరైనా వసూలు చేస్తారా?

‘బాబీ’ చెప్పిన నీతి

ఇక మా తాత వాదం. కట్టినవాడికి నోరుంటుందన్నది. వినడానికి బాగుంది. మరి నిజంగా ఉందా?

సినిమా పత్రిక చదివేవాళ్లకి ఈ కథ తెలిసే ఉంటుంది. ఎమర్జెన్సీ సడలించి ఎన్నికలు ప్రకటించిన రోజులు. 1977 ఫిబ్రవరి 6, ఆదివారం. కాంగ్రెసులోంచి బయటికొచ్చిన జగ్‌జీవన్‌రామ్ వగైరాల సభ ఢిల్లీ రామ్‌లీలా మైదానంలో. సరిగ్గా ఆ సాయంత్రం దూరదర్శన్ రాజ్‌కపూర్ గారి ‘బాబీ’ వేసింది! జనాన్ని ఇంట్లో కట్టిపడేయడానికే అది వేశారని అప్పట్లో అందరూ చెప్పుకున్నారు. డింపుల్‌ని వదిలి ఎవరు వస్తారనుకున్నారో ఏమో గాని, జనం విరగబడి వచ్చారు. ‘బాబీని ఓడించిన బాబూజీ’ అన్న అర్థంలో మర్నాడు పేపర్లలో శీర్షికలొచ్చాయి.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. ఆ నాడు టీవీ ఉన్న ప్రతి ఇల్లూ లైసెన్సు ఫీజు కట్టవలసిందే! అయినా వాళ్లకి ఏం చూపించాలో నిర్ణయించింది వాళ్లు కాదు. ఎందుచేత? ఆ డబ్బు పోయింది సర్కారు బొక్కసానికి. మీట నొక్కే చెయ్యి సర్కారుది. డబ్బిచ్చినవాడికీ బొమ్మ వేసేవాడికీ మధ్య దారి లేదు. మా తాతకు కార్డు రావడం ఆ డైరెక్టరు గారి మంచితనం, అంతే. హక్కు కాదు.

కనక ఫీజు కట్టినంత మాత్రాన నోరు వస్తుందనుకోవడం పొరపాటు. ఆ తర్వాత 1990లో ప్రసారభారతి చట్టం చేశారు. 1997లో అమల్లోకి వచ్చింది. పేరుకి స్వయంప్రతిపత్తి. ఖర్చులో పెద్ద భాగం ఇప్పటికీ కేంద్రమే ఇవ్వాలి. ప్రసార సౌకర్యాలు బాగు చేసుకోవడానికి 2023 జనవరిలో కేంద్ర మంత్రివర్గం ఒప్పుకున్న మొత్తం 2,539 కోట్లు పైచిలుకు. అదెవరి డబ్బు? మా అమ్మ సబ్బు కొన్నప్పుడు కట్టే పన్నులో డబ్బు. అంటే బిల్లు లేదనుకుంటున్నాం గాని, కడుతూనే ఉన్నాం. రసీదు లేదు, అంతే!

ఫీజు వద్దు, దూరదర్శనూ వద్దంటే పోలేదా? అలా అనడానికి నాకు మనసొప్పదు. 2021 నవంబరు వానలు మా వైపు వాళ్లెవరూ మరచిపోరు. తిరుపతి వీధులు ఏరులైపోయాయి. కడప జిల్లాలో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. మా ఇంట్లో కరెంటు లేదు, కేబుల్ లేదు, ఫోన్లో చార్జి లేదు. బ్యాటరీ రేడియోలో ఆకాశవాణి వార్తలు విని, ఏ దారి తెగిందో, ఏ రైలు ఆగిందో తెలుసుకున్నాం. ఆ వార్తల మధ్య ఎవరూ నగలు అమ్మలేదు. లాభం లేకపోయినా మాట్లాడే గొంతు ఒకటుండాలి. దాని ఖర్చు ఎవరో ఒకరు భరించాలి. మా జిల్లాలోనే చూడండి, దేవస్థానం వారి భక్తి చానల్ 2008 నుంచి నడుస్తోంది. అది దేవుడి సొమ్ము. ప్రజల చానల్‌కి ప్రజలే దేవుళ్లు.

నాకు తేలింది ఇది. ఇంటింటికీ ఒకే రేటు, పక్కదుప్పటి ఎత్తి చూసే ఇన్‌స్పెక్టరు ఇక వద్దు. పన్నుల్లోంచే ఇవ్వండి, ఉన్నవాడు ఎక్కువ, లేనివాడు తక్కువ కట్టినట్టుంటుంది. కాని ఎంత ఇస్తున్నారో ప్రతి ఇంటికీ తెలిసేలా చెప్పండి. ఏ ప్రభుత్వం మారినా తగ్గించడానికి వీల్లేకుండా కొన్నేళ్లకి ముందే కట్టబెట్టండి. చూసేవాడు రాసిన ఉత్తరానికి జవాబివ్వడం దయ కాకుండా విధి చెయ్యండి. డబ్బు ఏ దారిన వస్తుందన్న దానికన్నా, అడిగే దారి ఉందా లేదా అన్నది ముఖ్యం.

ఇదంతా చదివి వినిపిస్తే నాయన చాలాసేపు మాట్లాడలేదు. ఈలోగా ఆగిన కేబుల్ జోలికి పోకుండా, మిద్దె మీద చిన్న గొడుగు బిగించి దూరదర్శన్ వారి ఫ్రీడిష్ పెట్టించాను. సెట్టు ఖర్చు ఒక్కసారే, నెలవారీ రుసుము లేదు. సప్తగిరి వస్తోంది, యాదగిరి వస్తోంది. నాయన పొద్దంతా చూస్తున్నాడు. వ్యవసాయం కార్యక్రమం కూడా వదలడం లేదు.

నిన్న సాయంత్రం పిలిచాడు. ‘‘ఒరే, ఆ దూరదర్శనోళ్లకి ఒక ఉత్తరం రాయల్ల. రైతులకి పెట్టినట్టు మగ్గాలోళ్లకి కూడా ఏదన్నా పెట్టమని.’’

‘‘మనమేమీ కట్టడం లేదే నాయనా?’’ అన్నాను ఉడికిద్దామని.

‘‘మీ అమ్మ సబ్బు కొంటానే ఉండాది గదా! రాయి’’ అన్నాడు.

రాశాను. లైసెన్సు నంబరు వేయాల్సిన చోట ఏం వేయాలో తెలియక, మా ఇంటి డోరు నంబరు వేశాను.