నాలుగో రోజు దోమ కడుపు

సికింద్రాబాద్ వైపు నుంచి వస్తే, బేగంపేట పాత విమానాశ్రయానికి దగ్గర్లోనే సర్ రోనాల్డ్ రాస్ పేరు మోస్తున్న పాత భవనం ఉంది. ఇప్పుడది ఉస్మానియా విశ్వవిద్యాలయానిది. దోమ కడుపు గోడలో మలేరియా జీవిని రాస్ కనిపెట్టింది ఇక్కడే, 1897 ఆగస్టు 20న. అందరూ మలేరియా కథ కోసం వస్తారు. నేను దోమ జీర్ణక్రియ గురించి ఆలోచిస్తూ గేటు దాటాను.

ఆ దోమలకు రక్తమిచ్చింది హుసేన్ ఖాన్ అనే రోగి. కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా చొప్పున ఆయనకు ఇచ్చారు. 1902లో నోబెల్ మాత్రం రాస్‌కు వచ్చింది.

ఇంతకీ ఆడదోమకు మన రక్తం ఎందుకు? బతకడానికి పూల తేనె చాలు. గుడ్డులో సొన నింపాలంటేనే ప్రొటీన్ కావాలి. అందుకే ఒక్క విడతలో తన బరువుకు దగ్గరగా రక్తం తాగేస్తుంది. అయితే మన ప్రొటీన్ ఉన్నపళాన దానికి పనికిరాదు. ట్రిప్సిన్ వంటి ఎంజైములు హిమోగ్లోబిన్‌ను తెగ్గొట్టి అమైనో ఆమ్లాలుగా చేయాలి. ఈ ఆమ్లాలు ముడిసరుకే కాదు, కబురు కూడా. వాటి రాకను పసిగట్టాకే దోమ కొవ్వు కణజాలం సొన ప్రొటీన్ తయారీ మొదలుపెడుతుంది. రెండు మూడు రోజుల్లో గుడ్లు సిద్ధం. పని ముగిశాక ఆ కణజాలం తన తయారీ సరంజామాను తనే కరిగించుకుంటుంది. అన్నట్టు, మన రక్తం అంత గొప్ప మేతేమీ కాదు. డెంగీ దోమకు కావలసిన ఐసోల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఇందులో తక్కువ.

రాస్ ఆ రోజు కోసిన దోమ హుసేన్ ఖాన్‌ను కుట్టి నాలుగు రోజులైంది. తాగిన రక్తం అప్పటికే అరిగిపోయి ఉండాలి. అందుకే కడుపు గోడ తేటగా కనబడి ఉంటుందని నా ఊహ. గోడలోని కొత్తరకం కణాల్లో నల్లటి రేణువులు ఆయన కంటబడ్డాయి. మలేరియా రోగుల రక్తంలో ఆయన రోజూ చూసే రంగే అది. మన ఎర్రకణాల్లో హిమోగ్లోబిన్‌ను తిన్న మలేరియా జీవి, అరగని భాగాన్ని అలా గడ్డకట్టిస్తుంది. అంటే రాస్‌ను దారి పట్టించింది కూడా ప్రొటీన్ తిన్నాక మిగిలిన పిప్పే!

ఆ జీవి లాలాజల గ్రంథులకు చేరడాన్ని రాస్ ఇక్కడ చూడలేదు. 1898లో కలకత్తాలో, పక్షుల మలేరియాలో చూశారు. మనుషుల మలేరియాలో అందుకు పది రోజులకు పైగానే పట్టవచ్చు. ఆలోగా దోమ ఒకటికి రెండుసార్లు గుడ్లు పెట్టి, ప్రతి విడతకూ మళ్లీ కుడుతుంది. జీవితంలో ఒక్కసారే రక్తం తాగే దోమైతే, మలేరియా ఒకరి నుంచి మరొకరికి చేరేదే కాదు.