బోరు పైపుకు చిల్లులు

మా ఊరు సముద్రానికి దగ్గర. నీళ్లలో ఉప్పు తగులుతుంది. అందుకే మూడేండ్ల క్రితం మా బోరు నీళ్లు కుళ్లిన కోడిగుడ్ల వాసన కొడుతున్నా మేము అంతగా పట్టించుకోలేదు. మోటారు తిరుగుతున్నా నీళ్లు సగమే వస్తుంటే, నవంబరులో పైపులు పైకి తీయించాము. వేసి నాలుగేండ్లు కాలేదు, ఇనుప పైపుకు కందిగింజంతేసి చిల్లులు!

వేసినవాడూ తీసినవాడూ ఒక్కడే మెకానిక్కు. నలుగురి ఎదుట, "నాసిరకం పైపు వేసి మా డబ్బు తిన్నావు" అన్నాము. అతడు మారు మాట్లాడలేదు. గొలుసూ పానాలూ సైకిలు మీద వేసుకొని, ఆనాటి కూలి కూడ అడగకుండ వెళ్లిపోయాడు. తరువాత దారిలో ఎదురైతే తల తిప్పుకొనేవాడు. మేమూ అంతే.

సూక్ష్మజీవశాస్త్రం చదువుతున్న మా రెండో అమ్మాయి క్రిస్మస్‌కు ఇంటికి వచ్చి, గోడవార పడియున్న పైపు చూచింది. పైన ఎర్రని త్రుప్పు, దాని క్రింద నల్లని మడ్డి. మడ్డిని పుల్లతో గీకి, ఆరుబయట పెట్టి, బాత్రూం కడిగే యాసిడ్ ఒక్క చుక్క వేసింది. గుప్పున అదే వాసన!

"ఉప్పు నీళ్లూ కొంత కారణమే నాన్నా. కాని ఇందులో బాక్టీరియా పని కూడ ఉన్నది" అన్నది.

మేము నవ్వాము. ఇనుమును తినే పురుగేమిటి?

అమ్మాయి నెమ్మదిగా చెప్పింది. గాలి ఆడని చోట కొన్ని బాక్టీరియా నీళ్లలోని సల్ఫేటుతో బ్రతుకుతాయట. అందుకు వాటికి ఎలక్ట్రాన్లు కావాలి. మామూలుగా కుళ్లిన ఆకు అలములనుండి తీసుకొంటాయి. కొన్ని మాత్రం ఇనుమును అంటుకొని నేరుగా దానినుండే లాగుకొంటాయి. ఎలక్ట్రాన్లు పోయిన ఇనుము నీళ్లలోకి కరుగుతుంది. సల్ఫేటు సల్ఫైడుగా మారుతుంది. ఆ నలుపూ ఆ వాసనా దానివే.

భూమిలో పాతిన పోత ఇనుప గొట్టాలు చాకుతో కోస్తే తెగేంత మెత్తబడటానికి ఈ బాక్టీరియాయే కారణమని నెదర్లాండ్స్‌లో ఇద్దరు పరిశోధకులు 1934లోనే వ్రాశారట. ఇనుము మీద పుట్టే హైడ్రోజనును అవి తినివేస్తాయని వారి తలంపు. హైడ్రోజను ఒక్కటే అయితే అంత వేగంగా తినవని, ఎలక్ట్రాన్లనే మరింత నేరుగా లాగే రకాలున్నవని 2004లో జర్మనీలోని బ్రెమెన్‌లో ఫ్రీడ్రిక్ విడ్డెల్ బృందం చూపించింది.

మరునాడు కూలి డబ్బు తీసుకొని మెకానిక్కు ఇంటికి వెళ్లాము. క్షమించమని అడిగి, విన్నదంతా చెప్పాము. అతడు తలగోక్కుని, "ఆ పురుగుల సంగతి నాకు తెలియదు అయ్యగారూ. ఈ నీళ్లకు ఇనుము ఆగదు, ప్లాస్టిక్కు వేద్దామని మొదటనే చెప్పాను గదా" అన్నాడు.

నిజమే, చెప్పాడు. ఇనుమే గట్టిదని పట్టుబట్టింది మేమే.

కూలి తీసుకొన్నాడు. జనవరిలో వచ్చి ప్లాస్టిక్కు పైపులు దించాడు.